ఆపరేటరు సంతకం

మీకు తెలుసు. తెలియదని మాత్రం అనకండి.

మేనేజరు గారూ, మీకు తెలుసు. ఆయన నెత్తిన కూర్చున్న యజమానులూ, మీకూ తెలుసు. కుర్చీ దిగకుండా ఆపరేటరు జీతం ఎత్తిన మగవాళ్లూ, మీకు అందరికంటే బాగా తెలుసు. ఆ మూడు డ్రమ్ములనూ పదకొండేళ్లు తిప్పింది ఎవరో, ఆవిరికి ఎవరి చేతులు ఉడికాయో రోజూ కళ్లారా చూశారు. చూసి, నెల తిరగ్గానే ఆమె పేరు పక్కన హెల్పర్ అని రాసుకున్నారు. బెల్లం కొట్టిన రాళ్లలా ఊరుకున్నారు. మీరు ఊరుకున్నందుకు ఖరీదు ఎవరు కట్టారో ఇక్కడ రాసి ఉంది. చదవండి.

లారీలు మలుపు తిరిగే రోడ్డు పక్కన రేకుల కప్పు వేసిన పొడవాటి షెడ్డు ఒకటుంది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. నాలుగు ఆసుపత్రుల నుంచి రోజుకు రెండు వేల పైచిలుకు దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషను గౌన్లు మూటలు మూటలుగా వస్తాయి. షెడ్డును ఒక గోడ అడ్డంగా చీలుస్తుంది. ఇవతల మురికి గది, అవతల శుభ్రం గది. ఆ గోడలోనే మూడు పెద్ద ఇనప డ్రమ్ములు బిగించి ఉంటాయి. ఒక్కో డ్రమ్ముకు రెండు అద్దాల మూతలు. మురికిబట్ట ఇటు నుంచి లోపలికి పోతుంది, ఉతికిన బట్ట అటు నుంచి బయటికి వస్తుంది. బట్ట గోడ దాటుతుంది గానీ మనిషి దాటడానికి వీల్లేదు. మురికి గదిలో పొద్దున అడుగు పెట్టినవాళ్లు సాయంత్రం దాకా మురికి గదిలోనే. తిండికి మాత్రం చేతులు కడుక్కుని పెరటి కుళాయి దగ్గరికి పోవచ్చు.

ఆమెను అందరూ డ్రమ్మక్క అనేవారు. మనిషి డ్రమ్ములా ఉంటుందని కాదు, ఎముకల గూడులా ఉంటుంది. డ్రమ్ము చప్పుడు విని, లోపల ఏం జరుగుతోందో చెప్పేది. బట్ట ఒక పక్కకు ఒరిగితే డ్రమ్ము గోడంతా అదిరేలా కొట్టుకుంటుంది. ఆ అదురు మొదలుకాక ముందే ఆమె బొత్తాం నొక్కి ఆపేసేది. మొదట్లో మూత మీద అరచెయ్యి పెట్టి నీళ్ల వేడి చెప్పగలిగేది. కొన్నేళ్లకు ఆ అరచెయ్యి వేడిని పట్టుకోవడం మానేసింది. అప్పుడు చెవితో నేర్చుకుంది. అరచెయ్యి పోయిందని ఆమె ఎవరితోనూ అనలేదు. అనడానికి అందులో ఏముందో ఆమెకు తోచలేదు.

డ్రమ్ముల పక్కన మేకుకు ఒక పెద్ద పుస్తకం వేలాడుతుంది. లోడు నంబరు, బరువు, నీళ్లు ఎన్ని డిగ్రీలకు కాగాయి, ఆ వేడి ఎన్ని నిమిషాలు నిలిచింది, చివరి గడిలో ఆపరేటరు సంతకం. కింద కార్బన్ పెట్టిన నకలు. ఆ నకలు చేతికి రానిదే ఆసుపత్రి వ్యాను ఒక్క గలీబును కూడా ఎక్కించుకోదు. కొట్టివేత ఉన్నా ఎక్కించుకోదు. రోగుల మీద కప్పేవి మరి.

ఆపరేటరు ఎవరంటే ఆమె బావ. సొంత అక్క మొగుడు. ఆమెకు ఈ పని ఇప్పించింది ఆయనే. మొదటి నెలంతా పక్కన నిలబడి ఓపిగ్గా నేర్పించాడు, ఆ మాట అబద్ధం ఆడకూడదు. రెండో నెలలో ఆయనకు మోకాలు నొప్పి వచ్చింది. మేనేజరును అడిగి పక్క గుమ్మం బయట నీడలో కుర్చీ వేయించుకున్నాడు. మోకాలు తగ్గింది, కుర్చీ తగ్గలేదు. టీలు, పేపరు, ఫోను. మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. గంటకోసారి లేచి వచ్చి సంతకం పెట్టడం కూడా కష్టమై, ఒకరోజు సబ్బు అట్టపెట్టె చింపి దాని మీద తన సంతకం గీసి చూపించాడు. తోక తిప్పిన చేపలా ఉండేది.

"ఇదిగో మరదలా, ఇలా మొదలెట్టి, ఇలా తిప్పి, ఇక్కడ వదిలెయ్. అంతే."

వారంలో ఆమెకు చెయ్యి తిరిగింది. పదకొండేళ్లలో ఎన్ని వేల చేపలు గీసిందో లెక్క లేదు. ఒకసారి ఆయన బ్యాంకుకు పోతే సంతకం కలవలేదని గుమాస్తా తిప్పి పంపాడు. ఆయన తిన్నగా మురికి గది గుమ్మంలోకి వచ్చి, "ఏయ్ మరదలా, నా సంతకం ఎలా ఉంటుందో ఓసారి గీసి చూపించు" అన్నాడు. మురికి గదిలో ఆడవాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గీసి ఇచ్చింది.

ఆమెకు నెలంతా చేస్తే వచ్చేది బావకు పదిహేడో తేదీకి వచ్చేసేది. మిగిలిన పదమూడు రోజుల తేడాతో అక్క ఇంటికి పై గది లేచింది, అక్క కూతురు నర్సు చదువు చదివింది. డ్రమ్మక్క కూతురు పదో తరగతితో ఆగి, బట్టలకొట్లో కౌంటరు దగ్గర నిలబడింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆమె కూడా చూడలేదు.

హెల్పర్లంతా ఆడవాళ్లే. ఆరబెట్టే యంత్రాల దగ్గర ఇద్దరు, ఇస్త్రీ రోలరు దగ్గర ఒకామె. వాళ్ల పుస్తకాల్లోనూ మగవాళ్ల సంతకాలే, పెట్టేది మాత్రం ఈ ఆడవాళ్లే. అడిగితే ఆపరేటరు పని బరువు పని, ఆడవాళ్ల వల్ల కాదు అనేవారు. తడిసిన దుప్పట్ల మూట ఎంత బరువుంటుందో అన్నవాడు ఎప్పుడూ ఎత్తి చూడలేదు.

బావకు రిటైర్మెంటు వచ్చింది. ఆఖరి రోజున ఒక దండ వేసి, ఒక గోడ గడియారం ఇచ్చి పంపారు. డబ్బు కాయితాలు పై ఆఫీసుకు పోవాలి, నెల పడుతుందన్నారు. మర్నాడే గేటు దగ్గర నోటీసు అంటించారు. ఆపరేటరు కావలెను, మూడేళ్ల అనుభవం.

తిండి వేళకు కుళాయి దగ్గర మడతల పిన్ని డ్రమ్మక్కను పట్టుకుంది. శుభ్రం గదిలో దుప్పట్లు మడత పెట్టే ముసలామె. అందరికీ పిన్నే.

"ఏమే, నోటీసు చూశావా?"

"చూశాను పిన్నీ."

"చూసి ఊరుకున్నావా? కాయితం పెట్టు."

"నాకెవరిస్తారు?"

"పెళ్లిచూపులకి పోకముందే పిల్లాడిది బట్టతలని ఏడ్చినట్టుంది నీ వరస. ముందు పోయి చూడవే. ఇవ్వకపోతే కాదన్న పాపం వాడిది."

రాత వచ్చిన పిల్ల ఒకతె రాసిపెట్టింది. డ్రమ్మక్క సంతకం చెయ్యబోయి ఒక క్షణం ఆగింది. చెయ్యి అలవాటుగా చేప మొదలెట్టబోయింది. ఆపి, తన పేరును అక్షరం అక్షరంగా రాసి ఇచ్చింది.

నాలుగు రోజుల తరువాత మేనేజరు పిలిపించాడు. ఆయన గదిలో ఏసీ. ఆవిరిలోంచి వచ్చిన మనిషి ఒంటి మీద చెమట చల్లబడి బిగుసుకుంది. కుర్చీ చూపించాడు గానీ తడిసిన ఏప్రనుతో కూర్చోవడం బాగుండదని ఆమె నిలబడే ఉంది.

"ఆపరేటరుకి కాయితం పెట్టావటగా."

"పెట్టాను సార్."

"మూడేళ్ల అనుభవం అడిగాం, చదివావా?"

"నాది పదకొండేళ్లు సార్."

"ఎక్కడ?"

"ఇక్కడే. మీ ముందే."

ఆయన సొరుగులోంచి డ్రమ్ముల పుస్తకం ఒకటి తీసి మధ్యలో తెరిచాడు. వేలు పెట్టి చూపించాడు. "పుస్తకంలో సంతకం ఉంటేనే అనుభవం. అది నేను పెట్టిన రూలు కాదు. ఈ సంతకం ఎవరిదమ్మా?"

ఆమె ఏప్రను అంచుకు చేతులు తుడుచుకుంది.

"మీ బావదంటావా, అయితే నీకు అనుభవం లేదు. నీదంటావా, ఒకరి సంతకం ఇంకొకరు పెడితే దాన్నేమంటారో నీకు తెలియనిది కాదు. పనిచెయ్యకుండా జీతం తిన్నాడని మీ బావ మీద ఇంకో కేసు. ఆయన డబ్బు కాయితాలు ఇదిగో, నా బల్ల మీదే ఉన్నాయి, పైకి ఇంకా పంపలేదు. తొందరేం లేదు. ఆలోచించుకునే చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తవ్వినవాడు ఎదురుగా కూర్చుని పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. ఆమె ఆ పుటకేసి చూసింది. మూడో వరుసలో చేపకు తోక పొట్టిగా ఉంది. ఆ రోజు రెండో డ్రమ్ము బెల్టు తెగింది. పరుగెత్తుతూ గీసింది. ఆ బెల్టు వాసన కూడా గుర్తొచ్చింది. ఇంకేమీ రాలేదు. కోపం రావలసిన చోట తడిగుడ్డ కప్పినట్టు ఉంది.

"బావదే సార్."

"మంచిది" అన్నాడు ఆయన. ఆమె కాయితం మీద అనుభవం లేదు అని రాశాడు.

కుళాయి దగ్గర సంగతి విని మడతల పిన్ని చాలాసేపు నమలడం ఆపేసింది. "సొమ్మొకడిది సోకొకడిది అంటే విన్నాను. సోకు చేసుకునేవాడికి అద్దం పట్టుకుని నిలబడేదాన్ని ఇదే చూడటం" అంది. తిట్టినట్టే ఉంది, కానీ తన గిన్నెలోని కూర సగం తీసి ఆమె గిన్నెలో వేసింది. డ్రమ్మక్క తిన్నది. రుచి తెలియలేదు.

కొత్తాయన సోమవారం వచ్చాడు. ముప్ఫయి అయిదేళ్లుంటాయి. హోటలు లాండ్రీలో చిన్న మెషీన్లు చూసిన మనిషి. సంతకాల పుస్తకం ఉందట, అనుభవం ఉన్నట్టే లెక్క. మేనేజరు మురికి గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి కాలు పెట్టకుండానే, "ఈయనకి ఒక వారం పని చూపించమ్మా" అన్నాడు.

"నాకు అనుభవం లేదు కదా సార్."

ఆమె వెటకారానికి అనలేదు, పుస్తకంలో ఉన్నది చదివినట్టు అంది. మేనేజరు విననట్టే వెళ్లిపోయాడు.

కొత్తాయన చెడ్డవాడేం కాదు. అక్కా అక్కా అంటూ వెంట తిరిగాడు, మూటలు కూడా ఎత్తాడు. మూడో రోజున ఆపరేషను గది దుప్పట్లు డ్రమ్ములో వేసి తిన్నగా వేణ్నీళ్ల బొత్తాం మీదికి వేలు తీసుకుపోయాడు. ఆమె చెయ్యి చాచి ఆయన వేలు పక్కకు తోసింది.

"నెత్తురుకి ముందు చన్నీళ్లు పెట్టాలి. వేడి తగిలిందో, మరక ఉడికి బట్టకి అతుక్కుంటుంది. ఈ జన్మకి పోదు."

"బాబోయ్! బతికించారక్కా. అరవై దుప్పట్లు నా నెత్తిన పడేవి."

ఆ అరవై దుప్పట్లనూ ఆయన నెత్తిన పడనిచ్చి ఉంటే ఏమయ్యేదని ఆమెకు తరువాత కూడా తోచలేదు. చెయ్యి దానంతట అదే వెళ్లింది.

నాలుగో రోజు మధ్యాహ్నం కొత్తాయన జేబులోంచి ఒక చీటీ తీసి ఆమె చేతికిచ్చాడు.

"అక్కా, నేనలా బయటికి వెళ్లొస్తా. సంతకం కూడా మీరే పడెయ్యండి. నాది ఇలా ఉంటుంది చూడండి, చాలా తేలిక. రెండు గీతలు, ఒక సున్నా."

"ఎవరు చెప్పారు మీకు, నేను పెడతానని?"

"అందరూ అన్నారు! ఇక్కడ మొదటి నుంచీ అంతేనటగా." ఆయన ముఖంలో కల్మషం లేదు. మంచినీళ్ల కుండ ఎక్కడుందో అడిగి తెలుసుకున్నవాడిలా ఉన్నాడు. వెళ్లిపోయాడు.

ఆమె చీటీ చూసింది. రెండు గీతలు, ఒక సున్నా. చేపకంటే తేలికే. వారం అక్కర్లేదు, ఒక పూటలో వస్తుంది. ఈ మనిషికి ఇంకా ఇరవై అయిదేళ్ల సర్వీసుంది. పెన్ను చేతిలో ఉంది. కొన గడిని తాకింది కూడా. తాకి, అక్కడే నిలిచిపోయింది. ఆమె ఏమీ నిశ్చయించుకోలేదు. చెయ్యి కదలలేదు, అంతే. పెన్నును మళ్లీ దాని తాడుకు వేలాడదీసింది. ఆ లోడుకూ, తరువాతి రెండు లోడ్లకూ గడి ఖాళీగానే వదిలింది.

నాలుగింటికి వ్యాను వచ్చింది. డ్రైవరు నకలు చూసి, "ఇదేంటి, గళ్లు బోసిగా ఉన్నాయి? నేను ఎక్కించుకోను బాబూ, ఆసుపత్రివాళ్లు నన్నే మంచం ఎక్కిస్తారు" అని తలుపు మూసేశాడు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. కొత్తాయనను పిలిచి పెట్టమన్నాడు. కొత్తాయన పెన్ను పట్టుకుని నీళ్లు నమిలాడు. "సార్, ఆ టైములో నేను చూళ్లేదు. ఎన్ని డిగ్రీలు వచ్చిందో..." "పెట్టవయ్యా!" పెట్టాడు. రెండు గీతలూ సున్నా వంకరగా పడ్డాయి. వ్యాను కదిలింది. ఇంత చేస్తే పావుగంట ఆలస్యం, అంతే.

మేనేజరు ఆమె వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "రేపటి నుంచి ఒక్క గడి ఖాళీగా కనిపించిందా, మీ బావ పాత పుస్తకాలన్నీ పైకి పంపిస్తా. ఆయన ముప్ఫయ్యేళ్ల డబ్బు ఏమవుతుందో మీ అక్కనే అడిగి తెలుసుకో. ఇంటికెళ్లి ఆలోచించుకో."

పని దిగాక ఆమె తిన్నగా అక్క ఇంటికి వెళ్లింది. ఇంకా ఎండ ఉంది. అక్క పై గది మెట్ల మీద కూర్చుని ఆరిన బట్టలు మడత పెడుతోంది. బావ గోడకు కొత్త గడియారం బిగించుకుంటున్నాడు. అది నడవడం లేదు.

"రా మరదలా, ఏంటిలా దారి తప్పావు? మీ కంపెనీ గడియారం చూడు, నాకంటే ముందే రిటైరైపోయింది" అన్నాడు.

ఆమె నిలబడే చెప్పింది. మేనేజరు గదిలో జరిగింది, కొత్తాయన చీటీ, ఖాళీ గళ్లు, బల్ల మీది కాయితాలు. దుకాణంలో సరుకుల చీటీ చదివినట్టు చెప్పింది. వింటున్నంతసేపూ బావ స్క్రూడ్రైవరును చేతిలో తిప్పుతూనే ఉన్నాడు. అయిపోయాక మాత్రం, "పెట్టేస్తే పోయేదానికి ఎందుకు చెప్పు? ఒక్క నెల. నా చెక్కు రానీ. నీకు పెన్ను బరువా?" అన్నాడు.

అక్క చేతిలో బట్ట ఆగింది. "నాకర్థం కాలేదు. సంతకాలు ఇది పెట్టడమేంటి? నువ్వెక్కడున్నావు?"

"అక్కడే ఉన్నా."

"అక్కడే అంటే?"

"బయట. కుర్చీలో. పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నానే."

"ఎన్నాళ్లు?"

బావ గడియారంకేసి చూశాడు. జవాబు డ్రమ్మక్కే ఇచ్చింది. "పదకొండేళ్లక్కా."

అక్క లెక్క వేసుకుంటున్నట్టు పై గది వైపు చూసింది. ఆ గది కిటికీలో కూతురి నర్సు కోటు ఆరేసి ఉంది. "అయితే నా కూతురి చదువు నీ కూతురిదా?" అంది చెల్లెలితో. బావ ఏదో అనబోయాడు. "నువ్వుండు" అంది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. బావ స్టూలు మీదే నిలబడిపోయాడు.

వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. డ్రమ్మక్క ఆ చప్పుడు లెక్కపెట్టింది. అక్క ఏడుస్తుందనుకుంది, ఏడవలేదు. తను ఏడుస్తానేమో అనుకుంది, అదీ రాలేదు.

చివరికి అక్క మడత పెట్టిన బట్టలన్నీ ఒడిలోకి తీసుకుని లేచింది. "ఆ డబ్బు రాకపోతే ఈ ఇంటి అప్పు తీరదు. అది నీకు తెలుసు. రేపు నువ్వేం చేసినా నాకు చెప్పకు. చెప్తే వద్దంటాను." మెట్లెక్కి లోపలికి పోయింది. తలుపు వెయ్యలేదు.

మర్నాడు పొద్దున మొదటి లోడు తిరిగి ఆగింది. డెబ్బై అయిదు డిగ్రీలు, పది నిమిషాలు. డ్రమ్మక్క అంకెలు వేసింది. చివరి గడిలో తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా మొత్తం రాసింది. గడి చాలక ఆఖరి అక్షరం గీత దాటింది. కింద కార్బన్ గుండా నకలు మీద పడిందో లేదో ఎత్తి చూసింది. పడింది. రెండో లోడుకు రాసింది. మూడో లోడుకు రాసింది.

కొత్తాయన వెనక నిలబడి చూశాడు. "అక్కా, అది నా గడి కదా" అన్నాడు నెమ్మదిగా.

"డ్రమ్ము మీరు తిప్పారా?"

"లేదు."

"తిప్పిన రోజు రాసుకోండి. నేను అడ్డం రాను."

ఆయన తరువాతి మూట ఎత్తి ఇచ్చాడు.

తొమ్మిదింటి వ్యానుకు డ్రైవరు నకలు చేతిలోకి తీసుకుని కళ్లు చికిలించాడు. "ఇదెవరి పేరు?"

"నాదే."

"డ్రమ్మక్కకి పేరు కూడా ఉందా! నేనింకా మీ అమ్మానాన్నా ఆ పేరే పెట్టారనుకున్నానే." అటూ ఇటూ తిప్పి చూశాడు. "సంతకం ఉంది, కొట్టివేత లేదు. మిగతాది నాకెందుకు?" ఎక్కించుకుని పోయాడు.

కబురు గోడ దాటింది. మనుషులు దాటకూడదు గానీ డ్రమ్ము రెండు మూతలూ తెరుచుకున్న క్షణంలో మాట దాటుతుంది. ఆరబెట్టే యంత్రాల దగ్గర ఇద్దరూ వాళ్ల పుస్తకాల్లో వాళ్ల పేర్లు రాశారు. వాళ్లలో ఒకామెకు రాత సరిగా రాదు. మడతల పిన్ని చెప్తుంటే ఒక్కో అక్షరమే దిద్దింది. రోలరు దగ్గరామె మాత్రం రాయలేదు. ఆమె మొగుడే అక్కడ ఆపరేటరు. పెన్ను పట్టుకుని పది నిమిషాలు నిలబడి, పెన్నును ఆయన చేతిలో పెట్టి, "నువ్వే పెట్టుకో. రోలరు కూడా నువ్వే తిప్పుకో" అని వచ్చి బల్ల మీద కూర్చుంది.

పదకొండు గంటలకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఈ పేరు మీరిచ్చిన ఆపరేటర్ల జాబితాలో లేదు, ఈమె ఎవరు? ఆపరేటరు కాకపోతే ఈ లోడంతా వెనక్కి పంపుతాం, ఆపరేటరైతే ఆ ముక్క కాయితం మీద రాసి పంపండి. అవతలి మనిషి అడిగింది అంతే. మామూలుగా అడిగాడు. వాళ్లకు ఎవరైనా ఒకటే, పేరు జాబితాలో ఉండాలి.

మేనేజరు మొదటిసారి మురికి గదిలోకి వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, మూటలు తగలకుండా కాళ్లు ఎత్తెత్తి వేస్తూ వచ్చాడు.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?"

"గడి ఖాళీగా వద్దన్నారు కదా సార్."

"మీ బావ కాయితాలు నా బల్ల మీద ఉన్నాయి. మర్చిపోయావా?"

"లేదు."

"అక్క కొంప ముంచుతావా?"

ఆమె మూడో డ్రమ్ము మూత వేసి గొళ్లెం బిగించింది. బొత్తాం నొక్కలేదు. అటువైపు మూత దగ్గర మడతల పిన్ని ముఖం అద్దంలోంచి మసగ్గా కనిపిస్తోంది. పిన్ని వెనక ఇంకో నలుగురు. పనులన్నీ ఆగిపోయి షెడ్డు నిశ్శబ్దమైంది. అంత నిశ్శబ్దంలో ఆ షెడ్డును ఆమె ఎప్పుడూ వినలేదు. భయం వేస్తుందేమోనని చూసుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి, అంతే. నోరు తెరిచింది. గొంతు ఎప్పటిలాగే, లోడు బరువు చెప్పినట్టే వచ్చింది.

"మా బావ కూర్చున్నాడు సార్, నిజమే. ఆ కుర్చీ వేయించింది మీరు. పదకొండేళ్లు ఆ కుర్చీ పక్క నుంచే మీరు ఆఫీసుకి నడిచారు. ఆయన ముప్ఫయ్యేళ్లు చేశాడు, అందులో పంతొమ్మిదేళ్లు చెమటోడ్చాడు. ఆ డబ్బు ఆపడానికి మీకు హక్కు లేదు, కాయితాలు ఈ రోజే పైకి పంపండి. పుస్తకాలు పంపిస్తానన్నారు, అవీ పంపండి. నేనే మోసుకొస్తా. ఏ పుటలో ఏ రోజు ఏ బెల్టు తెగిందో నేను చెప్తా, మీ ఆపరేటర్లని చెప్పమనండి.

"ఆసుపత్రికి ఏం రాస్తారో నాకు తెలియదు. నేను ఆపరేటర్ని కాదని రాస్తే ఆ దుప్పట్లన్నీ వెనక్కొస్తాయి, పదకొండేళ్లవీ వెనక్కి రావాలి. అవునని రాస్తే ఆ జీతం నాకివ్వండి. ఈ నెల నుంచి కాదు, డ్రమ్ము నా చేతికిచ్చిన రోజు నుంచి. ఆరబెట్టేవాళ్లకీ, రోలరామెకీ అంతే. రేపు ఆపరేటరు కావాలని నోటీసు పెడితే సంతకాలు అడగొద్దు. బట్ట తెచ్చి ముందర పెట్టండి, ఉతికి చూపిస్తాం. మగవాడు చూపిస్తే మగవాడికివ్వండి, ఆడది చూపిస్తే ఆడదానికివ్వండి, ఇద్దరికీ జీతం ఒకటే. ఈ కొత్తాయన ఉండనీండి, నేర్చుకుంటాడు.

"నోటిమాట వద్దు సార్. మీ దగ్గర పెన్నుంది. ఈ మూట బరువు నలభై కేజీలు, దీని మీద పెట్టుకుని రాయండి. కింద మీ పేరు పెట్టండి. మీ సంతకం మీరే పెట్టాలి. ఇప్పుడే రాయండి."